వినపడిందా?

మా బాబాయి జీపు వస్తోందంటే ముందు పెట్రోలు వాసన వచ్చేది, ఆ తర్వాత జీపు వచ్చేది. చప్పుడు మాత్రం వచ్చేది కాదు. అదే ఆయన బాధ.

అది 1960ల నాటి మహీంద్రా విల్లీస్. ఎత్తు బానెట్టు మోడలు. నాలుగు సిలిండర్లు, 2.2 లీటర్ల పెట్రోలు ఇంజను. గాలి పీల్చే వాల్వులు పైన హెడ్డులో, పొగ వదిలే వాల్వులు కింద బ్లాకులో ఉంటాయి. ఎవడైనా మెకానిక్ దొరికితే ఈ సంగతి చెప్పకుండా వదలడు బాబాయి. ఏదో ప్రభుత్వ శాఖ వేలంలో పాడుకుని, వెనక సీట్లు పీకేసి, ఇనుప తొట్టి బిగించి చిన్న ట్రక్కులా చేసుకున్నాడు. ఇలాంటి జీపులున్న వాళ్లంతా ఎప్పుడో డీజిల్ ఇంజన్లు ఎక్కించేసుకున్నారు. ఈయన ససేమిరా అన్నాడు.

"డీజిల్ ఇంజనుది దగ్గురా. పెట్రోలు ఇంజనుది ఊపిరి" అంటాడు.

ఆ ఊపిరి లీటరుకి ఎనిమిది కిలోమీటర్లు. "చేపల్ని మేపడానికి జీపు కొన్నారనుకున్నాను. జీపుని మేపడానికి చేపల్ని పెంచుతున్నాం" అంటుంది మా పిన్ని.

కాపురం ఏలూరు పవర్‌పేటలో, చెరువు కైకలూరు దగ్గర. మొన్నటిదాకా జీపు పశ్చిమగోదావరిది, చెరువు కృష్ణాది. 2022 ఏప్రిల్ 4న ఏలూరు జిల్లా పుట్టాక రెండూ ఒకే జిల్లాలోకొచ్చాయి. బాబాయి ఆ రోజు స్వీట్లు పంచాడు. పన్నెండెకరాల జిరాయితీ, ఐదో కాంటూరుకి బయట. ఈ 'బయట' అన్న మాట మా వైపు చాలా ఖరీదైన మాట. 1999లో ఐదో కాంటూరు దాకా కొల్లేటిని అభయారణ్యంగా ప్రకటించారు, మూడొందల చదరపు కిలోమీటర్ల పైచిలుకు. 2006 ప్రాంతంలో లోపలున్న చెరువుల గట్లను పొక్లెయిన్లు పెట్టి కొట్టేశారు. అప్పుడు మా గట్టు మీద నిలబడి అవతలి గట్లు కూలడం చూశాడు బాబాయి. అప్పటినుంచీ సర్వే పటం బీరువాలో నగల పక్కన పెట్టాడు.

కాంటూరు గీతలు మనుషులకే గాని పక్షులకు కాదు గదా. ఆటపాక పక్షుల కేంద్రం మాకు కూతవేటు దూరం. అక్కడ ఇనుప స్టాండ్ల మీద గూళ్లు కట్టుకునే గూడబాతులకి మా చెరువు హోటలు. అవి పొద్దున్నే బారులు తీరి వస్తాయి, ముక్కు కింద సంచీ వేలాడేసుకుని, రేషన్ షాపుకి వచ్చినట్టు. వాటికి తోడు నీటికాకులు. 1972 నాటి చట్టం ఉంది కాబట్టి చెయ్యి చేసుకోవడానికి లేదు. అదిలించుకోవాల్సిందే. టపాకాయలు కాల్చి, డబ్బాలు కొట్టి, తళతళలాడే రిబ్బన్లు కట్టి చూశారు. దీపావళి ఖర్చు ఏడాది పొడుగునా అయింది గాని పక్షి కదల్లేదు.

ఈ దశలో సలహా ఇచ్చినవాడు చెరువు కాపలా అబ్బాయి.

ముప్ఫై ఏళ్లుంటాయి. మాట కంటే ముందు "ఆయ్" వస్తుంది. మూడేళ్లుగా గట్టు మీద గుడిసెలో ఉంటున్నాడు. బాబాయికి వాడంటే గురి. ఒకటి రెండుసార్లు చెప్పాపెట్టకుండా అర్ధరాత్రి వెళ్తే గుడిసెలో లేడట. వెతగ్గా వెతగ్గా అవతలి గట్టు దగ్గర, మోకాళ్లదాకా తడిసిపోయి కనిపించాడట. "చుట్టూ ఓ తిరుగుడు తిరిగొత్తన్నానండీ" అన్నాడట. అంత రాత్రివేళ అంత శ్రద్ధా అని బాబాయి మురిసిపోయి ఐదొందలు చేతిలో పెట్టాడు.

వాడికున్న లోపమల్లా చెవి.

"నాకు కుడిచెవి కూసింత మందం అండీ. మీ జీపు పిల్లి నడిసినట్టు వచ్చేత్తది. అడ్డకర్ర తీసే లోపు మీరే దిగాల్సొత్తంది. నాకు సిగ్గుగా ఉంటందండీ" అన్నాడు ఓ రోజు. కాసేపాగి, గూడబాతుల వైపు చూస్తూ, "జీపుకి కాస్త ఉరుము పెట్టించండీ. నేనూ లెగుత్తాను, అయ్యీ లెగుత్తాయి" అన్నాడు.

అదే సమయానికి సైలెన్సర్ వెనక గొట్టం తుప్పుకి చిల్లు పడటం దైవికం అన్నాడు బాబాయి.

*

తాడేపల్లిగూడెంలో ఒక పాతకాలపు షెడ్డు ఉంది. పెట్రోలు జీపుల నాడి తెలిసిన మేస్త్రి చుట్టుపక్కల ఆయన ఒక్కడే. బాబాయి, నేను, తొట్టిలో కాపలా అబ్బాయి వెళ్లాం. వాణ్ణెందుకంటే, వినాల్సింది వాడు కాబట్టి.

మేస్త్రి జీపు కిందకి దూరి, సైలెన్సర్ కుండని స్పానరుతో రెండు దెబ్బలు కొట్టి బయటికొచ్చాడు.

"కుండ రాయిలా ఉందండీ. తోక గొట్టం ఒక్కటే పోయింది. ఆరొందలు పడేస్తే అతికించేత్తాను. ఇంత మందం రేకు ఇప్పుడు రాదు."

ఆ కుండ మీద అరచెయ్యంత ఇత్తడి అతుకు ఒకటుంది. ఎప్పుడో రాయి తగిలి నొక్కుకుపోతే బాబాయి దగ్గరుండి వేయించాడు. అచ్చం మామిడి పిందె ఆకారం.

"అతుకు కాదయ్యా, మోత కావాలి" అన్నాడు బాబాయి.

మేస్త్రి మమ్మల్ని ఓసారి ఎగాదిగా చూశాడు. బుల్లెట్ కుర్రాళ్లు అడిగే మాట డెబ్బై ఏళ్ల మనిషి అడిగితే అంతే మరి. ఆయన మూలనుంచి నిలువునా కోసిన పాత సైలెన్సర్ ఒకటి తెచ్చి మా ముందు పెట్టాడు. లోపల చూస్తే చిన్న ఇల్లు: మూడు గదులు, గదికీ గదికీ మధ్య గోడలు, గోడల్లోంచి కన్నాల గొట్టాలు. "పొగ ఇందులోంచి అందులోకి, అందులోంచి వెనక్కి తిరిగి తిరిగి అలిసిపోద్దండీ. అలిసినాక అరిసే ఓపికేదీ?" అన్నాడు. మా కాలేజీలో పాతికేళ్లు ఫిజిక్సు చెప్పాను. ధ్వని తరంగాలు ఒకదాన్నొకటి కొట్టేసుకోవడాన్ని ఇంత ముచ్చటగా ఎప్పుడూ చెప్పలేకపోయాను.

రెండోది సన్నగా, సోరకాయలా ఉంది. లోపల గదులు లేవు, నిట్టనిలువు కన్నాల గొట్టం, చుట్టూ గాజు దూది. ఆ దూది కీచు చప్పుడుని మింగేసి, గొంతులోని బొంగుర్ని మాత్రం వదులుతుంది. చెవికి నిజంగా బాగుండేది అదే. నన్నడిగితే అదే తీసుకోమనేవాణ్ణి.

మూడోదాన్ని మేస్త్రి చేత్తో కూడా తాకలేదు, కాలితో చూపించాడు. వెనక చక్రం ముందు నుంచి పక్కకి వంగి బయటికొచ్చే ఉత్త గొట్టం.

"దీన్ని సైలెన్సర్ అనకూడదండీ. గొట్టం. కార్బురేటరు మళ్లీ సెట్ చెయ్యాల. కాలు తీసినప్పుడల్లా ఢాం ఢాం అంటది. ఊళ్లోకి మాత్రం తేకండి. 2019లో చట్టం మార్చాక పది వేల దాకా ఫైను, మూడు నెల్లు లైసెన్సు కూడా ఉండదు. పేపర్లో చూళ్లేదా, ఇలాంటి గొట్టాల్ని వరసగా పేర్చి రోడ్డురోలరు తొక్కిస్తన్నారు."

"మాది ఊరు కాదు, చెరువు" అన్నాడు బాబాయి.

గదిలో విని పెళ్లికూతుర్ని ఎంచలేం, ఆరుబయట వినాలన్నాడు. రెండు కొత్త గొట్టాలూ, స్పానర్లూ తొట్టిలో వేసుకుని విమానాల రన్‌వే మీదికి బయల్దేరాం. రెండో ప్రపంచ యుద్ధంలో ఇంగ్లీషువాళ్లు వేసిన రన్‌వే అది. యుద్ధం అయిపోయాక గూడెం వాళ్లకి మిగిలిన పెద్ద ఖాళీ. బాబాయి జీపు నేర్చుకుంది అక్కడే, పిన్నికి స్కూటర్ నేర్పబోయి మానేసిందీ అక్కడే.

కాపలా అబ్బాయిని ఆ చివర దింపి వచ్చాం. వాడి చేతిలో ఎర్ర తువ్వాలు, జేబులో ఫోను. వినపడితే తువ్వాలు ఊపాలి. ఎందుకైనా మంచిదని బాబాయి ఫోను కలిపి స్పీకర్లో పెట్టి నా చేతికిచ్చాడు.

మొదట పాతదే. బాబాయి యాక్సిలరేటరు తొక్కాడు. జీపు ఒళ్లు విరుచుకుంది. ఎర్ర తువ్వాలు కదల్లేదు.

"వినపడిందా?"

"ఏదండీ?"

విచిత్రం ఏమిటంటే, మా జీపు గుర్రుమన్నది కాస్త ఆలస్యంగా ఆ ఫోన్లోంచి నాకు సన్నగా వినపడుతోంది.

"ఒరే, నీ ఫోనుకి వినపడింది, నీకు వినపడలేదా?" అన్నాను.

"ఫోను ఎడంచెవి కాడుందండీ. జీపు కుడిచెవి వైపుంది."

బాబాయి పడీ పడీ నవ్వాడు. మేస్త్రి జీపు కింద పడుకుని కాలుతున్న మరల్ని గోనెపట్టాతో పట్టుకుని విప్పుతున్నాడు, ఆయన నవ్వలేదు.

రెండోది బిగించాం. దూది గొట్టం. ఎంత హుందాగా ఉందంటే, పాత నాదస్వర విద్వాంసుడు గొంతు సవరించుకున్నట్టుంది. తువ్వాలు కదల్లేదు.

"తేనెటీగ ఎల్లినట్టుందండీ. జీపేనాండీ?"

మూడోది బిగించేసరికి పొద్దు వాలింది. బాబాయి తొక్కగానే రన్‌వే పక్క గడ్డి మేస్తున్న గేదె గుంజ పీక్కుని పోయింది. కాలు తీయగానే రెండు పేలుళ్లు. చెట్ల మీది కొంగలు అన్నీ ఒకేసారి లేచాయి. నా చెవుల్లో ఈల మొదలైంది. ఆ చివర తువ్వాలు పెళ్లి ఊరేగింపులో ఊపినట్టు ఊగింది.

"ఆయ్! ఇప్పుడు ఇనపడిందండీ! శుబ్బరంగా ఉందండీ!"

కొంగలు లేవడం చూసిన బాబాయికి ఇంకేం కావాలి. బేరం కూడా ఆడలేదు.

షెడ్డుకి తిరిగొచ్చాక పాత కుండని మేస్త్రి అడిగాడు. "పారేత్తే నాకియ్యండి, ఎవడికైనా పనికొత్తది." అంతలో కాపలా అబ్బాయి చెయ్యి నలుపుకుంటూ ముందుకొచ్చాడు. పాత ఇనప సామాన్ల కొట్లో వేస్తే నాలుగు రాళ్లు వస్తాయని, పిల్లాడికి జ్వరంగా ఉందని. బాబాయి ఆ కుండ ఇచ్చి, మందులకని మరో రెండొందలిచ్చాడు. వాడు దాన్ని గోనెలో చుట్టి, కైకలూరు దాకా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు, అత్తారింటి నుంచి బంగారం తెచ్చుకుంటున్నట్టు.

*

మొదటి రోజు అద్భుతం. జీపు గట్టెక్కిందో లేదో, గూడబాతులు మబ్బులా లేచి ఆటపాక వైపు పోయాయి. బాబాయి కళ్లనీళ్లు పెట్టుకున్నంత పని చేశాడు.

మూడు వారాలయ్యేసరికి కథ తిరగబడింది. ఎలాగంటే, మేత వెళ్లేది ఆ జీపులోనే. మా వైపు మేత చల్లం. తవుడూ వేరుశనగ చెక్కా కలిపి, అడుగున కన్నాలు పెట్టిన సంచుల్లో నింపి, చెరువులో పాతిన కర్రలకి కడతాం. చేపలు కిందనుంచి ఆ కన్నాలు పొడుచుకుని తింటాయి. బొచ్చెకీ శీలావతికీ చెవి మా కాపలా అబ్బాయి లాంటిది కాదు. వాటి గాలితిత్తికీ లోపలి చెవికీ మధ్య సన్నటి ఎముకల గొలుసు ఉంటుంది. 1820లో వెబర్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు దాన్ని గుర్తించాడు. ఆ గొలుసు పుణ్యమా అని ఈ జాతి చేపలు చాలా బాగా వింటాయి. జీపు ఉరుమితే మేత వస్తుందని వారంలో నేర్చుకున్నాయి. మేము గట్టు మీదికి ఎక్కకముందే సంచుల కర్రల చుట్టూ నీళ్లు కుతకుతలాడేవి. చేపలు పైకి వస్తాయని గూడబాతులు ఇంకో వారంలో నేర్చుకున్నాయి. అవి ఇప్పుడు జీపు చప్పుడికి లేచిపోవడం లేదు, చప్పుడు విని వస్తున్నాయి! బడిగంట కొట్టి, పిల్లల్నీ దొంగల్నీ ఒకే వరండాలోకి పిలిచినట్టయింది.

"పక్షుల సంగతి సరేరా, వాణ్ణి చూడు" అనేవాడు బాబాయి, ఓదార్పుగా. అది మాత్రం నిజం. ఏ వేళప్పుడు వెళ్లినా అడ్డకర్ర పైకి లేచి ఉండేది. పక్కన కాపలా అబ్బాయి టార్చి పట్టుకుని, కాళ్లు తుడుచుకుని, శుభ్రమైన లుంగీతో నిలబడి ఉండేవాడు. పెదఎడ్లగాడి దగ్గర టీకొట్టు ముసలాయన ఓసారి, "మీరు రోడ్డెక్కితే కొల్లేరంతా తెలిసిపోద్దండీ, మేం టైము చూసుకుంటన్నాం" అన్నాడు. నేను వెంటనే పాఠం మొదలెట్టాను. రాత్రిపూట నీటిని ఆనుకుని చల్లగాలి, దానిపైన వెచ్చటి గాలి ఉంటాయి, పైకి పోవలసిన శబ్దం వంగి మళ్లీ కిందికే వస్తుంది, అందుకే నీటి మీద అంత దూరం పాకుతుంది అని. అంత వివరంగా చెప్పినవాణ్ణి, ఆ పాకిన శబ్దం ఎవరెవరి చెవిన పడుతోందో ఒక్క క్షణం ఆలోచించలేదు.

పట్టుబడి నాడు లెక్క తేలింది. వలలు లాగి, ట్రేలు తూచి, ఐసు కొట్టి, హౌరా లోడు ఎత్తేసరికి, రావలసినదానిలో నాలుగో వంతు లేదు. బాబాయి గట్టు మీద కూలబడ్డాడు. రోజుకు గూడబాతు ఒక్కటి ఇంత తింటే, ఇన్ని గూడబాతులు, ఇన్ని రోజులు అని చేపల చీటీ వెనక హెచ్చవేశాడు. ఎంత హెచ్చవేసినా చాల్లేదు.

"నీటికాకుల్ని కూడా కలపండీ" అన్నాడు కాపలా అబ్బాయి, వెనక నిలబడి.

*

కార్తీకంలో ఒక రాత్రి బాబాయికి నిద్ర పట్టలేదు. రెండో పంటకి పిల్ల వదిలి నాలుగు నెలలైంది, ఓసారి చూసొద్దాం పదమన్నాడు. జీపు క్లచ్చు ప్లేటు పోయి షెడ్డులో ఉంది. నా బ్యాటరీ స్కూటర్ మీద బయల్దేరాం. దారి పొడుగునా బాబాయి దాన్ని తిడుతూనే ఉన్నాడు. బండి అన్నాక బతికున్నట్టు తెలియాలి గదరా అని.

పదకొండున్నరకి గట్టు చేరాం. గొట్టం మార్చాక మొదటిసారిగా అడ్డకర్ర కిందికి దించి ఉంది. గుడిసెలో దీపం వెలుగుతోంది, మనిషి లేడు.

"చూశావా, తిరుగుడుకి వెళ్లాడు" అన్నాడు బాబాయి.

అవతలి గట్టు వైపు నడిచాం. మలుపు తిరగ్గానే చీకట్లో రెండు ఎర్ర చుక్కలు. ట్రక్కు ఆటో. వెనక ప్లాస్టిక్ ట్రేలు ఒకదాని మీదొకటి, పై ట్రేలో ఏదో తోక కొట్టుకుంటోంది. ముప్ఫై గజాల అవతల, హెడ్‌లైటు వెలుగులో, మోకాలి లోతు నీళ్లలో ఇద్దరు వల లాగుతున్నారు. ఆటో ఇంజను తిరుగుతూనే ఉంది. నేను నమ్మలేక వెనక గొట్టం దగ్గర చెయ్యి పెట్టాను. వేడిగాలి కొట్టింది. చప్పుడు, పక్కింట్లో కుట్టుమిషను తిరిగినంత.

బాబాయి వెనక దీపాల ఎర్ర వెలుగులో వంగి చూశాడు. ఆటోకి ఎక్కువైపోయి, తీగలతో వేలాడగట్టిన పెద్ద కుండ. దాని మీద అరచెయ్యంత ఇత్తడి అతుకు, మామిడి పిందె ఆకారంలో.

ఆయన నెమ్మదిగా నిటారుగా నిలబడ్డాడు. అరుస్తాడనుకున్నాను. గొంతు రాలేదు. పక్కనే ఉన్న నాకే సగం వినపడీ పడనట్టు, ఊపిరితో కలిసి వచ్చింది మాట.

"ఒరే అబ్బాయ్..."

ముప్ఫై గజాల అవతల, నీళ్లలో, కుడివైపు మాకు పెట్టి వల లాగుతున్న మనిషి ఠక్కున తలతిప్పాడు.

"ఆయ్, వత్తన్నానండీ!"